వయస్సు నడుగు యంత్రము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందు 2025 అక్టోబరులో గవర్నరు న్యూసమ్ గారు సంతకము చేసిన శాసన మొకటి చిత్రమైన ధర్మసంకటమును దెచ్చిపెట్టినది. అందు వ్రాసిన ప్రకారము 2027 జనవరి 1వ తేదినుండి, కంప్యూటరును నడపు ఆపరేటింగు సిస్టమును సమకూర్చువాడు ఖాతా తెఱచునపుడే వాడుకొనువాని వయస్సు నడిగి, పదుమూడేండ్ల లోపువాడో, పదునాఱు లోపువాడో, పదునెనిమిది లోపువాడో, పెద్దవాడో యను గుఱుతును అప్లికేషన్లకు అందింపవలెను. ఏమఱినచో ఒక్కొక్క బిడ్డకు 2,500 డాలర్లవఱకు, బుద్ధిపూర్వకముగా తప్పినచో 7,500 డాలర్లవఱకు జుల్మానా.

బిడ్డలను కాపాడవలెనను కోరికను పరిహసించు గృహస్థు డుండడు. ఈ శాసనము గుర్తింపుపత్రమును సైత మడుగదు. చెప్పిన మాటనే నమ్మును. మా సందేహము వేఱు. సమకూర్చువా డొక డున్నాడని అది తలంచినది. ఆపిల్, మైక్రోసాఫ్టుల విషయమున నది నిజమే. మఱి 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు మాట యేమి? దానిపై 1993లో పుట్టిన డెబియనును కూర్చుచున్నవారు నానాదేశముల స్వచ్ఛందసేవకులు. దాని సోర్సుకోడు, అనగా మూలపాఠము, ఎల్లరకు తెఱచియుండును. ఎవడైనను గైకొని, మార్చి, పొరుగువాని కీయవచ్చును. ఊరుమ్మడి చెఱువునకు పూడిక తీసినవారు పలువురు, యజమాని యెవడును లేడు. గట్టుపై నిలిచి నీటికి వచ్చువారి యీడు నడుగుమని యెవని నాజ్ఞాపింతుము?

పోనిండు, సేవకులు ఆ ప్రశ్నను చేర్చిరే యనుకొందము. మూలపాఠము చదువనేర్చిన పదునాలుగేండ్ల పిల్లవాడు దానిని తుడిచివేయగలడు. (అట్టివానిని జూచి మాకు ముచ్చటయే కలుగును!) అపుడు శాసనకర్తకు రెండు త్రోవలు: ప్రశ్న వట్టి లాంఛనమని యొప్పుకొనుట, లేక కొన్నవాడును విప్పరాని విధమున యంత్రమునకు ముద్రవేయుట. ఈ రెండవ త్రోవకే మేము జంకుచున్నాము. మాటను నమ్మరాదనుకొన్న పిమ్మట పత్రము, పత్రము పిమ్మట ముఖచిత్రము అడుగుదురు. బ్రిటనులో 2025 జులై 25 నుండి అశ్లీలచిత్రముల సైట్లు అట్టి పరీక్షలు చేయవలసివచ్చినది. అయినను అచ్చట భారము ఆ సరకు నమ్మువానిపై బడినది. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టమును, పదునెనిమిదేండ్ల లోపువారి సమాచారమునకు తలిదండ్రుల సమ్మతి తెచ్చుకొను బాధ్యతను దానిని వాడుకొనువానికే విధించినది. లాభమున్న చోట లెక్క యడుగుట న్యాయము.

చదువెఱుగని తలిదండ్రుల యింట కాపలా యెవరని యడుగుదురు. ఈ యాక్షేపణ తేలికైనది కాదు. ఆ తల్లికి తాళపుచెవి చేతికిచ్చి వాడుక నేర్పవలెను. లినక్సునందు అట్టి సాధనమును చేర్పదలచినవానిని వలదను వారు లేరు. చేర్పనివాడు మాత్రము, కూలి కోరక తీరికవేళల వ్రాసినదానిని లోకమున కిచ్చినందులకు, బిడ్డ కింతయని జుల్మానా కట్టవలెనా?