స్వస్థత ఇంటిలోనే

మన కూటములలో సాక్ష్యము చెప్పువారు తరచుగా ఒక దినమును పేర్కొందురు. ఫలాని సంవత్సరమున, ఫలాని దైవజనుని ప్రసంగము విని మార్పు పొందితిమని చెప్పుదురు. అది అబద్ధమనుటకు మనమెవరము? దమస్కు త్రోవలో సౌలునకు అట్టి దినమొకటి కలిగెను. అయినను ప్రియ చదువరీ, ఆ దినము మొదలుకొని నేటివరకు ఏమి జరిగెనని ఆ సహోదరుని భార్యను అడిగినచో ఆమె ఏమి చెప్పును? విశ్వాసి రూపాంతరము పొందు స్థలమేది? కూటపు పందిరియా, ఇంటి వసారాయా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడెల్ల నాకు ఆరోగ్యవరము తలంపునకు వచ్చును. క్షయరోగమునకు సరియైన మందు లేని కాలమున, పలు మిషనులు ఏకమై, అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె చెంత 1915లో ఆ శానిటోరియమును నెలకొల్పినవి. డేనిష్ మిషనరీ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్‌గారు దానికి మొదటి పెద్ద. మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న ఊరు, గాలి చల్లన. రోగులు ఇల్లు వాకిలి విడిచి వచ్చి, నెలల తరబడి మంచము పట్టుకొని, మంచి గాలియు మంచి ఆహారమును పుచ్చుకొనెడివారు. జ్వరము చూచుట, బరువు తూచుట, విశ్రమించుట. అప్పటి ముఖ్య చికిత్స అదియే. దానివలన బ్రదికినవారును కలరు.

తరువాత మందులు వచ్చినవి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చెను. అప్పుడు మద్రాసులోని వైద్యులు ఒక పరీక్ష చేసిరి. బీదలైన క్షయరోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును శానిటోరియమునకు పంపిరి, రెండవ గుంపును ఇంటనే ఉంచిరి. ఇద్దరికిని ఒకే మందు, ఒక సంవత్సరము. శానిటోరియములోనివారికి విశ్రాంతి, పుష్టికరమైన భోజనము, నర్సుల పరిచర్య. ఇంటివారికి ఇరుకు గది, చాలీచాలని కూడు, రోజువారీ చాకిరి. 1959లో ఫలితము వెలువడెను: ఇంటనున్నవారును ఇంచుమించు అంతే బాగుపడిరి! స్వస్థపరచినది కొండగాలి కాదు, దినదినము తీసికొనిన మందు.

కొండగాలి చెడ్డదని దీని భావము కాదు. ఉపవాస కూటములు, ధ్యాన దినములు మనకు కావలసినవే. కాని అక్కడనే మనము బాగుపడుదుమనియు, ఇంటికి వచ్చుట రోగములోనికి తిరిగి వచ్చుటయనియు అనుకొనువారు కలరు. వారికి ఈ మద్రాసు సంగతి చెప్పవలెను.

క్షయరోగికి ఒక అపాయమున్నది. కొన్ని వారములు మందు మ్రింగగానే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. నాకు నయమైనదని అతడు మందు మానివేయును. నేడు సాధారణముగా ఆరు నెలలు వాడవలసిన మందది. నడుమ మానినచో వ్యాధి తిరిగి వచ్చును, కొన్నిసార్లు ఆ మందునకే లొంగనిదై వచ్చును. తొలి కన్నీటితో ముగించుకొనిన మన మారుమనస్సు ఎన్నిసార్లు ఇట్లు కాలేదు? మందు చేసినవాడు రోగి కాడు. మాత్ర మ్రింగితినని ఎవడును అతిశయపడడు. కృప దేవునిదే. అయినను ప్రతి ఉదయము చేయి చాచవలసినది మనమే.

వైద్యునికి ఎక్స్‌రే కలదు. మనకు అట్టిది లేదు, ఇంటివారి కన్నులు తప్ప. బాప్తిస్మము పొందిన ఇంటనే కూలివానికొరకు చూరున వేరుగా దోపిన గ్లాసు ఉండవచ్చును. ఆదివారము ప్రభురాత్రి భోజనమున ఒకే గిన్నెలో పాలుపొంది, సోమవారము అతనికి ఆ గ్లాసుతో ఎత్తి పోయువాడు ఏ దినమున మారెను? చింతపండు తూచు త్రాసును, కోడలిని పిలుచు స్వరమును అడిగినను సమాధానము దొరకును. గ్లాసు సంగతి అన్నిటికంటె కఠినము. ఏలయనగా దానిని తీసివేసినచో బంధువులు మన ఇంట భోజనము మానుదురు. అచ్చటనే అనేకులు మందు మానివేయుదురు.

గెరాసేనుల దేశములో దయ్యములు విడిచినవాడు ప్రభువుతోకూడ దోనె యెక్కగోరెను. ప్రభువు ఒప్పుకొనక, వానిని ఇంటికి, తనవారియొద్దకు పంపెను. దెకపొలిలో అతడు ప్రకటించెనని మార్కు వ్రాసెను గాని, ఇంటిలో మొదటి రాత్రి ఎట్లు గడచెనో వ్రాయలేదు. సంకెళ్లను తెంపినవాడని ఎరిగినవారి నడుమనే అతడు పండుకొని యుండును. వారు భయము లేక నిద్రపోవుటకు ఎన్ని రాత్రులు పట్టెనో!