మన పిల్లలు ఎవరి చేతిలో ఉన్నారు?



ఈ నెల మేము ఎత్తుకున్న విషయం జుమా ప్రసంగాల్లో సాధారణంగా వినిపించనిది. వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా ఓపికతో చదవండి, ఇంట్లో పెద్దవాళ్లందరికీ చదివి వినిపించండి.

2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ప్రారంభం రోజు సాయంత్రం ప్రేక్షకుల గ్యాలరీ ఒకటి కుప్పకూలి చాలామంది గాయపడ్డారు. ఆ తర్వాత కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఎవరిని కదిలించినా ఒకటే ప్రశ్న: ఆ గ్యాలరీ కట్టినవాడెవడు, బరువు ఆగుతుందో లేదో చూసినవాడెవడు?

న్యాయమైన ప్రశ్నే. మరి కన్నబిడ్డను ఒక కోచ్ చేతికి అప్పగించేటప్పుడు ఆ ప్రశ్న వేసినవారు మనలో ఎంతమంది? తెల్లవారుజామున చీకటితోనే గ్రౌండ్‌కు పంపుతాం. సెలెక్షన్స్ అంటే జిల్లా దాటి పంపుతాం. రాత్రి పిల్లలు ఎక్కడ పడుకుంటారు, ఆ గదిలో ఇంకా ఎవరుంటారు అని అడగం. "సారు ఉన్నారు కదా" అంటాం. కిలో బియ్యం కొనేటప్పుడైనా గింజ చేతిలోకి తీసుకుని చూస్తాం!

అమానత్‌లను వాటికి తగినవారికే అప్పగించాలని అల్లాహ్ ఆదేశించాడు (అన్‌నిసా: 58). ఆ ఆయత్ చదివినప్పుడల్లా మనకు డబ్బు, నగలు, పదవులే గుర్తొస్తాయి. పిల్లలకంటే పెద్ద అమానత్ ఏముంటుంది?

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఇషా నమాజ్ తర్వాత ఒక తండ్రి మా దగ్గరకు వచ్చారు. ఏ ఊరో, ఏ ఆటో చెప్పము. ఆయన కొడుకు బాగా ఆడతాడు. ఉన్నట్టుండి గ్రౌండ్‌కు వెళ్లనని మొండికేశాడు, పక్క తడుపుతున్నాడు. చివరికి వాళ్ల అమ్మీ దగ్గర ఏడ్చి చెప్పాడు. కోచ్ ఏం చేశాడో ఆ తండ్రి మాతో పూర్తిగా చెప్పలేకపోయారు. మేము ఏమన్నామో తెలుసా? "భాయ్, సబర్ చేయండి. పిల్లవాణ్ణి మాన్పించండి. బయటపడితే ఇంటి ఇజ్జత్ పోతుంది" అన్నాము. ఒకరి లోపాన్ని కప్పినవారి లోపాన్ని అల్లాహ్ కప్పుతాడన్న హదీసు భావాన్ని కూడా వినిపించాము. ఆయన తల వంచుకుని వెళ్లిపోయారు.

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చారు. "హజ్రత్, ఇప్పుడు ఇంకో పిల్లవాడు" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మదరసాలో చదివిన పాఠాలనే మళ్లీ తెరిచాము. లోపాన్ని కప్పడమంటే, తనకూ తన ప్రభువుకూ మధ్య జరిగిన పాపంపై సిగ్గుపడుతున్న మనిషిని బజారుకీడ్చకపోవడం. ఇతరులకు హాని చేస్తూ, మళ్లీ చేయబోయేవాడిని దాచడం కాదు. అది జుల్మ్‌కు చేయూతనివ్వడం. చెడును బయటకు చెప్పడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, కాని అన్యాయానికి గురైనవారికి ఆ అనుమతి ఉంది (అన్‌నిసా: 148). అన్యాయంపై ఫిర్యాదు చేయడం, ఇతరులను హెచ్చరించడం గీబత్ కిందికి రావని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన పెళ్లి సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ వ్యక్తుల లోపాలను ఉన్నదున్నట్టు చెప్పారు. సంబంధం విషయంలోనే ఇంత స్పష్టత అవసరమైతే, పసిపిల్లల విషయంలో ఎంత అవసరం!

అయితే ఆరోపణ వేరు, నిర్ధారణ వేరు. వార్త వస్తే విచారించి తెలుసుకోమని సూరహ్ హుజురాత్ ఆదేశం. కానీ విచారణ అంటే మొహల్లా పెద్దలు కూర్చుని, పిల్లవాణ్ణి పదిమందిలో నిలబెట్టి, చివరికి ఇంత డబ్బుకు రాజీ కుదర్చడం కాదు. దానికి పోలీసులున్నారు, కోర్టు ఉంది.

ఇది మన మూడు పట్టణాల సమస్య మాత్రమే కాదు. 2023 ఆగస్టులో హకీంపేట తెలంగాణ క్రీడా పాఠశాలలో బాలికలను వేధించారన్న ఆరోపణలు పత్రికల్లో వచ్చాయి, అక్కడి అధికారి ఒకరిని సస్పెండ్ చేశారు. అదే ఏడాది జనవరిలో కుస్తీ సమాఖ్య అధ్యక్షుడిపై ఆరోపణలతో వినేశ్ ఫోగట్, ఒలింపిక్ పతకం గెలిచిన సాక్షి మలిక్ ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద ధర్నాకు కూర్చున్నారు. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తలుపు తట్టాకే ఎఫ్ఐఆర్ నమోదైంది. దేశమంతా పేరు తెలిసినవారికే ఇలా అయితే, కోదాడలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఎవరికి చెప్పుకుంటుంది?

అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ ఉదంతం మరీ భయంకరం. 1997లోనే ఒక అమ్మాయి తన కోచ్‌కు చెప్పింది. నమ్మలేదు. 2018 జనవరిలో అతనికి 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడేనాటికి, కోర్టులో నిలబడి గోడు వినిపించినవారు 150 మందికి పైగా ఉన్నారు. కొన్నిసార్లు తల్లి అదే గదిలో ఉండగానే, ఆమెకు కనబడకుండా అడ్డుగా నిలబడి చికిత్స పేరుతో ఆ పని చేశాడు. నమ్మకం కళ్లను అలా కప్పేస్తుంది.

"ఆయన ఎంతమందిని స్టేట్‌కు ఆడించాడు, ఆయనమీదా కేసు?" అంటారు కొందరు. మఖ్జూమ్ తెగకు చెందిన గొప్పింటి స్త్రీ దొంగతనం చేసినప్పుడు, తానెంతో ప్రేమించే ఉసామా (రజి) వచ్చి సిఫారసు చేస్తే ప్రవక్త (సఅసం) ఆగ్రహించారు. గొప్పవాణ్ణి వదిలి బలహీనుణ్ణి శిక్షించినందుకే పూర్వ జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. పతకాలు, కప్పులు ఎవరికీ రక్షణ కవచాలు కావు.

2012 నవంబర్ 14 నుంచి పోక్సో చట్టం అమలులో ఉంది. 18 ఏళ్లలోపు బాలికలకే కాదు, బాలురకూ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడమూ నేరమే. అంటే ఆ మొదటి రాత్రి తండ్రికి మౌనం బోధించిన మేము షరీఅత్ ముందే కాదు, చట్టం ముందు కూడా దోషులమే. పిల్లవాడి వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లవాడి పేరు పత్రికల్లో రాకూడదు. ఇజ్జత్ భయానికి చట్టంలో ఇంత జవాబుంది. 1098కి ఫోన్ చేస్తే పిల్లల సహాయం కోసమే మనుషులున్నారు. ఇంకో మాట, ఆ చట్టం విద్యాసంస్థల సిబ్బందితోపాటు ధార్మిక సంస్థల సిబ్బందినీ పేరుపెట్టి ప్రస్తావించింది. కాబట్టి మదరసాలు, మక్తబ్‌లు నడిపే మాలాంటివారు వేలు గ్రౌండ్‌వైపు చూపి తప్పించుకోలేరు. హాస్టల్ గదుల తలుపులు మేమూ తెరిచి చూసుకోవాలి.

ఇదంతా చదివి రేపటి నుంచి అమ్మాయి ఆట మాన్పిస్తామంటే మాకు బాధే. తప్పు ఒకరిది, శిక్ష పిల్లకా? నిజామాబాద్‌కు చెందిన మన నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. మొదట ఆమెను గ్రౌండ్‌కు తీసుకెళ్లి నేర్పింది తండ్రే. అందరికీ అంత వీలుండదు, నిజమే. వారానికోసారి చెప్పకుండా వెళ్లి గట్టుమీద కూర్చోవడం మాత్రం వీలవుతుంది. పిల్లలతో పరాయి ఊరు వెళ్లేటప్పుడు తల్లుల్లో ఒకరు తోడు వెళ్లాలని పట్టుబట్టవచ్చు. కోచ్ ఒక్క పిల్లకే బూట్లు కొనిపెట్టినా, రాత్రిపూట ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టినా, "ఇంట్లో చెప్పకు" అన్నా ఆగి ఆలోచించండి. అన్నిటికంటే ముందు, పిల్లవాడు నోరు తెరిచిన రోజు "నువ్వెందుకు ముందే చెప్పలేదు" అని గద్దించకండి. "నీ తప్పేం లేదు బేటా" అనండి.

రెండోసారి వచ్చిన ఆ తండ్రితో కలిసి మేము పోలీస్ స్టేషన్‌కు వెళ్లాము. దారిలో క్షమాపణ అడిగాము. ఆయన ఏమీ మాట్లాడలేదు, మా చేయి మాత్రం పట్టుకున్నారు. కేసు గురించి ఇక్కడ రాయడం తగదు. ఈ మధ్య అసర్ తర్వాత కనిపించి, అబ్బాయి మళ్లీ బూట్లు కట్టుకుంటున్నాడని, గ్రౌండ్ మార్చామని, సాయంత్రాలు తాను కూడా వెళ్లి కూర్చుంటున్నానని చెప్పారు.