పీటలో సందు

పోయిన వీడియోలో స్వామి కింద ఉన్న పీట ఎక్కడ కొన్నారని అడిగారు. కొనలేదు, యూట్యూబ్ చూసి నేనే చేశా.

వీడియోలో ఉలి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. నా చేతిలో చెక్క నారకి ఎదురెళ్లి పెచ్చు లేచింది. కాలు కూర్చిన చోట 2 మిల్లీమీటర్ల సందు! దానికీ ఒక వీడియో ఉంది: రంపపు పొట్టులో జిగురు కలిపి కూరి, ఆరాక శాండ్‌పేపర్‌తో రుద్దడమే. రుద్దాను. "ఎంత బాగా కుదిరిందిరా" అని అమ్మ మురిసిపోయింది. నవ్వి ఊరుకున్నా.

స్వామిని పెడుతుంటే మాత్రం చెయ్యి ఆగింది. ఇది మోసమా? వడ్రంగులూ సందులు పూడుస్తారు కదా. తన పనితోనే భగవంతుణ్ణి అర్చించమని చెప్పే గీత 18వ అధ్యాయంలోనే, నిప్పుకి పొగలా ప్రతి పనికీ ఏదో దోషం ఉంటుందని కూడా ఉంది. పెచ్చు లేవడం ఆ పొగే అనుకోవచ్చు. అమ్మ ముందు ఆ నవ్వో?

నిన్న పీట తిరగేసి చూపించా. అమ్మ తిట్టలేదు. "బరువు ఆగుతుందా మరి?" అంది, అంతే.

పొట్టు సందుని కప్పుతుంది గానీ బలం ఇవ్వదు. ఆ కాలు కోసేశాను, కొత్తది చెక్కుతున్నా. ఈ వారం వీడియోలో స్వామి పాత ఇత్తడి పళ్లెంలోనే ఉంటారు.