గుడారములో అపరిగ్రహము

లమ్తపుట్ ఉన్న కోరాపుట్ జిల్లాలోనే, పుట్సిల్ లోయలో, 2021-22 శీతకాలమున ఒడిశా పర్యాటక శాఖ సకల సౌకర్యములుగల గుడారముల విడిది నెలకొల్పినది. మన పిల్లలు అట్టి చోటికి పోదమన్నపుడు మనస్సు రెండు విధముల పోవును.

కొండగాలి, నిశ్శబ్దము ఆరోగ్యకరములే. స్థానికులకు కొంత జీవనోపాధియు కలుగును. అయినను పరుపులు, వేడినీళ్లు కొండ కెక్కించి గుడ్డగోడల నడుమ నుండుట అపరిగ్రహము కానేరదు. రాత్రి వినోదమునకు వేసిన నెగడులో ఎన్ని పురుగులు పడునో! ప్రయోజనము లేని అట్టి హింసనే మన శాస్త్రములు అనర్థదండ మన్నవి.

ఇదే జిల్లా సుబాయిలో ప్రాచీన తీర్థంకర విగ్రహము లున్నవి. వాటి దర్శనమునకు పోయి, ఒక రాత్రి కొండగాలిలో విశ్రమించిన దోషమేమి? గృహస్థునకు భోగము నిషేధింపబడలేదు, పరిమాణము విధింపబడినది. ఎన్ని దినములు, ఎన్ని వస్తువులు, ఎంత వ్యయము అని ముందే నియమము చేసికొనవలెను. వర్తకులకు లెక్క క్రొత్త కాదు గదా!