ప్రాచీనతను కొనవచ్చునా?

పాత వస్తువుపై మనుష్యునకు గల మమకారము సహజమైనది. తాత వ్రాసిన గంటము, అవ్వ మెడలోని గుండ్లపేరు, ఇంటి ముందరి చెక్కడపు దర్వాజ, ఇవి అంగడిలో గొప్ప వెల పలుకకపోయినను వానిని మనము పారవేయము. గడచిన కాలము వానియందు నిలిచియున్నదని మన నమ్మకము. ఈ మమకారము నేడు మోటారు వాహనములకును ప్రాకినది. నలువది, ఏబది యేండ్లనాటి బుల్లెట్టును తుడిచి, మెరుగుపెట్టి, కన్నబిడ్డవలె చూచుకొనువారు మన పట్టణములలో నున్నారు. ఇంతవరకు చిక్కు లేదు. కాని పాత వస్తువు దొరకనిచోట, పాత రూపము గల వస్తువును పరదేశము నుండి తెప్పించుకొనుట యుక్తమా? అట్లు తెప్పించుకొన్నవానికి దక్కునది పాతదనమా, పాతదనపు వేషమా? చీనాదేశపు సైడుకారు మోటారుసైకిలును నిమిత్తముగా తీసికొని ఈ ప్రశ్నను విచారింపదలచినాము.

వేములవాడ వంటి పుణ్యక్షేత్రమున కూర్చుండి చీనా మోటారుసైకిలును గూర్చి విచారించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని విషయము మనకు దూరమైనది కాదు. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి ఎందరో యువకులు గల్ఫు దేశములకు పోయి, ఎండలో శ్రమించి, ఆ కష్టార్జితమును ఇంటికి పంపుచున్నారు. వారి వెంట వచ్చిన ‘దుబాయి సరుకు’ అనుమాటకు మన పల్లెలలో ఒక గౌరవము ఏర్పడినది. క్రొత్త బండి కొన్నవాడు దానిని కొండగట్టు అంజన్న సన్నిధికో, వేములవాడ రాజన్న సన్నిధికో తీసికొనిపోయి, పూలదండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయల నుంచి పూజ చేయించును. వాహనము మనకు కేవలము ప్రయాణసాధనము కాదు, ఇంటి మర్యాదకు గుర్తు. కావున ఏ బండి కొనవలయును, ఎందులకు కొనవలయును అను ప్రశ్న మన గడప ముందరనే నిలిచియున్నది.

ముందుగా ఆ బండి వంశచరిత్రమును తెలిసికొందము. దాని పేరు చాంగ్ జియాంగ్. మనము యాంగ్‌సీ యని చదువుకొన్న మహానదికి చీనావారి వాడుక పేరది. 1938లో జర్మనీయందలి బి.ఎం.డబ్ల్యు. సంస్థ ఆర్ 71 అను మోటారుసైకిలును వెలువరించినది. 746 సి.సి. ఇంజను, ఇరుప్రక్కలకు చేతులు చాచినట్లున్న రెండు సిలిండర్లు, గొలుసునకు మారుగా ఇనుపకడ్డీ త్రిప్పుటచే నడచు వెనుక చక్రము దాని లక్షణములు. ఆ నమూనాను అనుసరించి 1941లో సోవియట్ రష్యా ఎం 72 అను బండిని చేయనారంభించినది. ఆ యేడే యుద్ధము మాస్కో సమీపమునకు రాగా, ఆ పని యూరల్ పర్వతప్రాంతమందలి ఇర్బిత్ పట్టణమునకు తరలినది. 1950 దశాబ్దములో ఆ నమూనా సోవియట్ల నుండి చీనాకు చేరినది. ఆ దశాబ్దము చివర నాన్‌చాంగ్ నగరమున విమానములు చేయు కర్మాగారమునందు సి.జె. 750 పుట్టినది. దాని శక్తి 22 అశ్వశక్తులు మాత్రమే. సైన్యమునకై ఆ బండి దశాబ్దములపాటు దాదాపు అదే రూపమున తయారగుచు వచ్చినది. పిమ్మట సైన్యము విడిచిన బండ్లను బాగుచేసి, రంగులు పూసి, పరదేశీయులకు అమ్ము వ్యాపారము పెరిగినది. 1938 నాటి రూపముతో, ఎంతో తరువాత పుట్టిన దేహముతో, ఆ బండ్లు ఓడలెక్కి అనేక దేశములకు పోయినవి.

ఇందు అనుకరణము కలదు గదా, అనుకరణమే దోషము కాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. కాదని మా యభిప్రాయము. విద్యలన్నియు అనుకరణముతోనే మొదలగును. పలకమీద గురువు వ్రాసిన అక్షరమును దిద్దని బాలుడు వ్రాత నేర్వడు. మన బుల్లెట్టునే చూడుడు. అది ఇంగ్లండు దేశపు నమూనా. 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, మొదట అక్కడి నుండి వచ్చిన భాగములను కూర్చి, క్రమముగా అన్నిటిని ఇక్కడనే చేయ నేర్చినది. 1970 ప్రాంతమున ఇంగ్లండునందలి మాతృసంస్థ మూతపడెను. మద్రాసు బుల్లెట్టు మాత్రము నడచుచునేయుండి, 1977లో తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి యయ్యెను. తల్లి ఇల్లు పాడుపడినను బిడ్డ ఇల్లు నిలిపినది. నాన్‌చాంగ్ కార్మికుడును తన బండిపై తన నది పేరునే వ్రాసికొన్నాడు గాని జర్మనీ పేరు వ్రాయలేదు. అతని యందు మేము తప్పు పట్టజాలము.

తప్పు మరియొకచోట మొదలైనది. చాంగ్ జియాంగ్ అను పేరును ఊడబెరికి, జర్మనుల ముద్రను అతికించి, రెండవ ప్రపంచయుద్ధకాలపు బూడిదరంగు పూసి, దానిని ఆ కాలపు బండిగా చూపించువారు బయలుదేరినారు. ఇది అనుకరణము కాదు, వంశమును దొంగిలించుట. మనకు అతిసమీపమున నున్న సిరిసిల్లలో వేలకొలది మరమగ్గములు ఆడుచున్నవి. మరమగ్గముపై నేసిన చీర చీరయే. దానిని కట్టుకొనుటలో చిన్నతనము లేదు. దానినే చేనేత యని అమ్మిననాడు, మగ్గపుగుంటలో కాళ్లు దించి కూర్చున్న మరియొక నేతగాని నోటి కూడు పోవును. అందుచేతనే కొన్ని వస్త్రములను చేనేతకు ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు చట్టము చేసినది. వస్తువు ఒక్కటే, పేరు మాత్రమే మారినది. ఆ పేరులోనే ధర్మాధర్మములు నిలిచియున్నవి.

ఇక్కడ మరియొక సూక్ష్మము కలదు. ఇట్టి వ్యాపారమున కొనువాడు ఎల్లప్పుడును మోసపోయినవాడు కాడు. ముద్ర క్రొత్తగా అతికించినదని అతనికి తెలియును. తెలిసియే కొనుచున్నాడు. ఏలయన, మోసపోవలసినవాడు తాను కాడు, చూచువాడు. అమ్మువాని అబద్ధమును వెలయిచ్చి కొని, దానిని తన అబద్ధముగా వీధిలో నడుపుచున్నాడు. పైగా ఆ బూడిదరంగు ఏ సైన్యమునకు చెందినది? ఐరోపాఖండమును చెరపట్టి, లక్షలకొలది నిరపరాధులను చంపిన రాజ్యమునకు చెందినది. పొలిమేర దాటించిన యూదుల వెంట, తగులబడిన పల్లెల వెంట నడచిన సైనికుల రంగును వేడుకకై పూసికొనువాడు, తాను ఎవరి వేషము వేయుచున్నాడో ఒక్క క్షణమైనను ఆలోచింపవలదా? చరిత్రను అలంకారముగా మాత్రమే చూచువాని కంటికి అందలి నెత్తురు కానరాదు.

ప్రాచీనత యనగా రూపము కాదు, తెంపులేని ఉనికి. మన సీమలోనే దీనికి నిదర్శనము కలదు. వేములవాడ చాళుక్యుల కాలమున, రెండవ అరికేసరి ఆస్థానకవియగు పంపని తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్టపై సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనము చెక్కించెను. అందలి కందపద్యములు తెలుగు పద్యచరిత్రమునకు అమూల్యములు. నేడు నేర్పరియగు శిల్పి ఆ అక్షరములనే మరియొక రాతిపై చెక్కగలడు, అంతకన్న చక్కగానే చెక్కగలడు. అయినను ఆ రాయి జినవల్లభుని శాసనము కాజాలదు. పదవ శతాబ్దము నుండి వానకు తడిసి, ఎండకు ఎండి, ఆ గుట్టమీదనే నిలిచినందువలన దానికి సాక్ష్యమిచ్చు అధికారము కలిగినది. రూపమును చెక్కవచ్చును గాని నిలిచిన కాలమును చెక్కలేము.

మన చట్టమును ఈ భేదమును గుర్తించినది. 2021లో కేంద్రప్రభుత్వము సవరించిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడకుండ నున్న వాహనమే ‘వింటేజి’ వాహనము. దాని సంఖ్యయందు ‘వి.ఏ.’ అను అక్షరములుండును. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏండ్లు. దానిని ప్రదర్శనలకును మరమ్మతులకును తీసికొనిపోవచ్చును గాని నిత్యము తిప్పుటకు వీలులేదు. పాత అద్దకము గల క్రొత్త బండికి ఈ గౌరవము లేదు. అది తక్కిన క్రొత్త బండ్లవలెనే 2020 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన పొగ నియమములకు లోబడవలయును. 1938 నాటి పద్ధతిలో పీల్చి విడుచు ఇంజనునకు అది సాధ్యమగు పనికాదు. 2025 బడ్జెట్టులో 1,600 సి.సి. లోపు పూర్తిగా తయారై వచ్చు మోటారుసైకిళ్లపై దిగుమతి సుంకమును 50 నుండి 40 శాతమునకు తగ్గించినారు. సుంకము తగ్గవచ్చును, వయస్సు మాత్రము సుంకము చెల్లించినందున రాదు.

దిగుమతిలో సుంకమునకు మించిన చిక్కు ఒకటి కలదు. చీనాలో బండ్లు బాటకు కుడిప్రక్కన నడచును. కావున చాంగ్ జియాంగ్‌నకు సైడుకారు కుడివైపుననే యుండును. అందు కూర్చున్నవాడు బాట అంచున క్షేమముగా నుండును. మన దేశమున బండ్లు ఎడమప్రక్కన నడచును. ఆ బండినే యథాతథముగా తెచ్చి కరీంనగరము బాట పట్టించినచో, ప్రక్కపీటలో కూర్చున్నవాడు బాట నడిమి వైపునకు వచ్చి, ఎదురుగా వచ్చు లారీలకు దగ్గరగా పోవును. నడుపువానికి వేడుక, ప్రక్కవానికి ప్రాణగండము! ఏ దేశపు బాటకై పుట్టిన వస్తువు ఆ దేశపు బాటనే ఎరుగును. పరదేశపు వస్తువును, ఆచారమును, ఆలోచనను తెచ్చుకొనువారందరును ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇదియే: మన బాటపై దీని ప్రక్కన కూర్చున్నవాని గతి ఏమి?

“నా సొమ్ము నేను వెచ్చించుకొందును, నా సంతోషమునకు మీరెవ్వరు అడ్డు?” అని ఒకడు అనవచ్చును. మేము సంతోషమునకు శత్రువులము కాము. సుందరమగు యంత్రమును చూచి ఆనందించుట దోషము కాదు. ప్రతి రూపాయిని అవసరమను త్రాసులో తూచుమని చెప్పువారు లోకమున సంగీతమును, శిల్పమును కూడ మిగులనీయరు. కాని ‘నాది’ యను మాటకు అర్థమేమో విచారింపుమని మాత్రము కోరుదుము.

రాజన్నకు చెల్లించు కోడెమొక్కును ఎరుగనివారు మన సీమలో లేరు. భక్తుడు కోడెను పగ్గము పట్టి గుడిచుట్టు ప్రదక్షిణము చేయించి, స్వామి సన్నిధిని కట్టివేయును. ఆ కొద్దిసేపు పగ్గము అతని చేతిలోనిదే, కోడె మాత్రము అతనిది కాదు. దానికి మేత వేయువాడు, కుడితి పెట్టువాడు, జబ్బు చేసినప్పుడు రాత్రి మేల్కొనువాడు వేరొకడు. ఈ మొక్కునందు స్వామిత్వమును గూర్చిన సత్యమంతయు ఇమిడియున్నది. వెల ఇచ్చుట పగ్గము పట్టుట వంటిది; పోషించుటయే స్వామిత్వము. పాత బండి విషయమునను ఇంతే. పట్టణపు మూలలో చిన్న దుకాణము పెట్టుకొని, దొరకని భాగమును తానే ఆకురాయితో అరగదీసి, ఒకని తండ్రి నడిపిన స్కూటరును కొడుకుచే నడిపించు మేస్త్రీ గలడు. అతని పేరు ఏ రిజిస్ట్రేషను పత్రమునందును లేదు. అయినను ఆ బండి కాలమును నిలిపినవాడు అతడే. ఓడలో దిగిన పెట్టెను విప్పి, మేడ ముందర నిలిపి, చెడిపోగానే మూలకు త్రోసివేయువాడు పత్రము ప్రకారము యజమాని. ధర్మము ప్రకారము చూచుటకు వచ్చిన అతిథి.

సైడుకారు పుట్టినదే రెండవవాని కొరకు. 1970, 80 దశకములలో మన పట్టణములలో స్కూటరునకు ఎడమప్రక్కన తొట్టి తగిలించి, అందు భార్యను, పిల్లలను, కొన్నిసార్లు ముసలితల్లిని కూర్చుండబెట్టుకొని పోవు చిరుద్యోగులుండెడివారు. కారు కొనలేని సంసారమునకు అది కారు. చూపునకు అంత సొంపు లేకపోయినను, ఆ తొట్టి ఏనాడును ఖాళీగా పోలేదు. దానికి ఏ జర్మన్ ముద్రయు అక్కరలేకపోయినది. నేడు అట్టి తొట్టి వీధులలో అరుదైనది. దాని రూపము మాత్రము ఛాయాచిత్రములకు అలంకారమైనది. అలంకారమైన పీటలో ఎవరును కూర్చుండనవసరము లేదు. అదియే మాకు విచారము.

కావున చీనాబండిని కొనవద్దని మేము శాసింపము. కొనువాడు దానిని దాని పేరుతోనే పిలుచుగాక. నాన్‌చాంగ్ కార్మికుని శ్రమను జర్మనీ ముద్రతో కప్పకుండునుగాక. మన బాటకు తగినట్లు దాని ప్రక్కపీటను మార్పించుగాక. అది సాధ్యము కానిచో ఆ బండిని బాటపైకి తేకుండునుగాక. దాని నూనెతో తన చేతులను మలినము చేసికొని, మేస్త్రీ ప్రక్కన కూర్చుండి నాలుగు పనులు నేర్చుకొనుగాక. అట్లు ఇరువది, ముప్పది యేండ్లు కాపాడినచో ఆ బండికి నిజమగు పాతదనము దానంతట అదియే వచ్చును. అప్పుడది చీనాది కాదు, జర్మనీది కాదు, ఆ యింటిది. అంత ఓపిక లేనివానికి పాత దుకాణములోని తుప్పుపట్టిన స్కూటరు తొట్టి చాలును. దానిని బాగుచేయించి, నడువలేని పొరుగింటి అవ్వను అందు కూర్చుండబెట్టి, ఒక సోమవారమునాడు రాజన్న దర్శనము చేయించి తెచ్చినచో, ఆ ప్రక్కపీట పుట్టినందులకు ఫలము దక్కును.