ఎవరి పని ఎవరు గుంజుకున్నట్టు?

పని పోయిందనగానే చుట్టూ ఉన్నవాళ్లకు ఒక దోషి కావాలి. చూసేవాళ్లు పని పోయినవాడినే బోనెక్కిస్తారు. పని పోయినవాడు తన చోట్లోకి వచ్చినవాడిని ఎక్కిస్తాడు. ఈ రెండు తీర్పుల్లో ఏదైనా నిలుస్తుందా అన్నది ఇక్కడ ఇద్దరు కల్పిత మనుషులు తర్కించుకుంటారు. ఇద్దరిదీ సిరిసిల్లే. మామ చాలా ఏళ్లు బొంబాయి దగ్గరి భివండిలో సాంచలు (మరమగ్గాలు) నడిపి, ఊరికొచ్చి అదే పని చేసి, కార్మిక సంఘంలో తిరిగినవాడు. అల్లుడు టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి, పెళ్లాం పిల్లలతో వెనక్కొచ్చినవాడు.

అల్లుడు: పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకటే ఆరా మామా. "కొత్త కోర్సులేవీ చేయలేదా? ఏఐ నేర్చుకోవాల్సింది కదా?" అంటే లోటు నాలోనే ఉందని. అక్కడేమో ఇంకో పాట. ఉద్యోగం చేసినన్నాళ్లూ వాళ్ల పిల్లల నోటికాడి కూడు లాక్కున్నానన్నారు.

మామ: అంటే ఇక్కడ చేతగానోనివి, అక్కడ దొంగవు. రెండూ ఒక్కతాన ఎట్లైతయి? చేతగానోడు ఇంకొకని పని ఎట్ల గుంజుకుంటడు?

అల్లుడు: అన్నవాళ్లు వేరు వేరు కదా.

మామ: ఒక్కడే రెండూ అంటడు. మనూళ్లె సాంచ ఆగి ఖాళీగ ఉన్నోన్ని చూసి "ఒళ్లు వంగదు వీనికి" అంటడు. అదే నోటితోని "బీహారోళ్లొచ్చి మన పనంత ఎత్కపోతున్నరు" అంటడు. రెండు మాటలూ వానికి అక్కరకొచ్చేటియే. లోటు నీలనే ఉంటే ఆ గతి తనకు పట్టదని ధైర్యం. దొంగ బయటోడైతే ఎల్లగొట్టంగనే అంత బాగైతదని ఆశ. ధైర్యం, ఆశ రెండూ అగ్గువకు దొరికినంక ఎవలు వద్దంటరు?

అల్లుడు: నేనూ ఆ బేరం చేశాను మామా. చివరి నెలంతా కేటీ, అంటే నా పని ఇంకొకరికి నేర్పి అప్పజెప్పడంతోనే సరిపోయింది. నా పని ఎక్కడికో కాదు, మా కంపెనీ హైదరాబాద్‌లో తెరిచిన ఆఫీసుకే పోయింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి స్క్రీన్ షేర్ చేసి, ఏ ఫైలు ఎక్కడుందో, దేన్ని ముట్టుకుంటే ఏది ఆగిపోతుందో చెప్పాలి. అవతల ఒక కుర్రాడు. కరీంనగర్ యాస, మంచి మర్యాద. "అన్నా, నైట్ రన్ ఫెయిలైతే ఎవరికి ఫోన్ పోవాలి?" అని అడిగాడు. ఆ గడిలో అప్పటిదాకా నా నంబరుంది. కొట్టేసి వాడి నంబరు టైపు చేశాను. అప్పుడు వాడి మీద పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

మామ: నువ్వు పోయిన కొత్తల నీకు పని ఎవలు చూపిచ్చిండ్రు?

అల్లుడు: యాభై దాటిన ఒక అమెరికన్. నన్ను పక్కన కూచోబెట్టుకుని అంతా చెప్పాడు. ఒక్క పరుషమైన మాట అనలేదు. పని అప్పజెప్పాక ఆయన్ని తీసేశారు. ఇది మా ఆఫీసు సంగతే కాదు. ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ 2015లో దాదాపు 250 మంది కంప్యూటర్ ఉద్యోగుల్ని పంపించేసింది. పోయేముందు వాళ్లలో కొందరు తమ చోట్లోకి వచ్చిన మనవాళ్లకే పని నేర్పాల్సి వచ్చింది. పేపర్లన్నీ రాశాయి.

మామ: మరి ఆయన తీరుగ చూస్తే నువ్వు దొంగవు. నీ తీరుగ చూస్తే ఆ పిలగాడు దొంగ. ఇద్దరిదీ ఒక్కటే నేరం, ఒక్కటే చట్టం కింద ఇచారించాలె.

అల్లుడు: నేనేం దొంగతనంగా దూరలేదు. వాళ్లు రమ్మంటేనే వెళ్లాను.

మామ: ఆ పిలగాన్ని పిలువకుంటనే వచ్చిండా?

అల్లుడు: ...లేదు.

మామ: నా సంగతి చెప్త, నువ్వే తీర్పు చెప్పు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతోని బొంబాయి బట్టల మిల్లులు ఆగినయి. రెండున్నర లక్షల మంది సమ్మెల ఉన్నరు. అండ్ల మన తెలుగోళ్లు సుత ఉండిరి. మరి దుకాణంల బట్ట లేకుంట అయిందా? కాలే. మిల్లు ముద్ర ఏసే గుడ్డ భివండి సాంచల మీద దిగింది. మాకు రాత్రనక పగలనక పని. చేతినిండ పైసలు. ఆ పైసలు ఎవలింట్ల పొయ్యి ఆరితే వచ్చినయి?

అల్లుడు: సమ్మె చేసేవాళ్లవి.

మామ: మరి నేను దొంగనా?

అల్లుడు: ఆకలికి పోయినవాడివి. సాంచ నీది కాదు, గుడ్డ నీది కాదు. నిన్ను దొంగంటే ఎలా?

మామ: దొంగంటే ఎట్లనో అక్కడోళ్లకు తెలుసు. 1966ల శివసేన పుట్టిందే దక్షిణాదోళ్లు కొలువులు ఎత్కపోతున్నరని. నీ అమెరికా పాట మేము ఎన్నడో మరాఠీల విన్నం.

అల్లుడు: సరే. నువ్వు కాదు, నేను కాదు, ఆ కుర్రాడూ కాదు. ఇలా ఒక్కొక్కరినీ వదిలేస్తూ పోతే చివరికి ఎవరూ మిగలరు. "మార్కెట్ అట్లుంది, ఎవరేం చేస్తారు" అని మా హెచ్‌ఆర్ కూడా అదే అంది. నీ వాదం వాళ్లకే ఉపయోగం మామా.

మామ: మంచి మాట అడిగినవ్. దానికి మన బట్టల కథలనే జవాబున్నది. మా సంఘం ఆఫీసుల ఒక ఫొటో ఉండె. ఇంగ్లండ్‌ల లాంకషైర్ల డార్వెన్ అనే ఊరు, 1931 సెప్టెంబరు 26. గాంధీ నడుమ నిలబడ్డడు, చుట్టూ మిల్లుల పనిజేసే ఆడోళ్లు చేతులెత్తి సంబురంగ కేకలేస్తున్నరు. ఆయన విదేశీ బట్ట బహిష్కరించమన్నడు. ఆ దెబ్బ తగిలినోళ్లల్ల వాళ్లు సుత ఉన్నరు.

అల్లుడు: ఆ ఫొటో చూశాను. గాంధీ కాబట్టి చెల్లింది.

మామ: గాంధీ పోయి తియ్యగ మాట్లాడి రాలే. మీ కష్టం చూసి నాకు బాధైతుంది గని బహిష్కారం ఇడువలేనని వాళ్ల ముంగటనే చెప్పిండు. మా ఊళ్లల్ల జనానికి ఏడాదిల సగం దినాలు పనే లేదు, వాళ్ల లేమి ముంగట మీది చిన్నదన్నడు. తన వల్ల నష్టపోయేటోని మొఖం చూసుకుంట తన న్యాయం చెప్పిండు. నేను ఆ ఫొటోల చూసింది గది.

అల్లుడు: కానీ వాళ్ల మిల్లులు మూతపడింది గాంధీ వల్లేనా? నేను చదివినంతలో, 1913లో బ్రిటన్ నుంచి దాదాపు 700 కోట్ల గజాల బట్ట బయటికి పోయేది. అందులో అయిదింట రెండు వంతులకు పైగా మనకే. ఆ తర్వాత జపాన్ అగ్గువ బట్ట దింపింది. బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు పెరిగాయి. లాంకషైర్ యజమానులేమో కొత్త మగ్గాలు పెట్టకుండా పాతవాటితోనే లాగించారు. ఇన్ని ఉన్నాయి.

మామ: ఉన్నయి. అండ్ల మొఖం ఉన్నది ఒక్క గాంధీకే. జపాన్ మిల్లు కనబడది, పాత మగ్గం మీద పైసలు పెట్టని యజమాని లెక్కల పుస్తకం కనబడది. కొల్లాయి కట్టిన ముసలాయన కనబడ్తడు. నీకు కేటీల కనబడ్డ పిలగాడు సుత గంతే. నష్టానికి పది కారణాలుంటే కోపం మాత్రం మొఖం ఉన్న కారణం మీదికే ఉరుకుతది.

అల్లుడు: ఒప్పుకుంటా. కానీ ఆ ఆడవాళ్లు కేకలేసినందుకు ఒక్క మగ్గమైనా మళ్లీ ఆడిందా?

మామ: ఆడలే. మంచితనం కూడు పెట్టది. అదే ఏడు నవంబరు నుంచి, బీమా భృతి గడువు అయిపోయిన నిరుద్యోగులకు అక్కడి సర్కారు ఇంటి ఆదాయమంత లెక్కగట్టి గని భృతి ఇయ్యలే. కొడుకు నాలుగు పైసలు తెస్తే తండ్రి భృతిల కోత. గాంధీ ఆ కోత పెట్టలే, ఇక్కడి నేతగాడు పెట్టలే. ఎవలో కూచోని నియమం రాసిండ్రు. బాధ్యుణ్ని అక్కడ ఎతకాలె.

అల్లుడు: అంటే నా చోట్లోకి ఎవరొచ్చారన్నది వదిలేసి, నియమం ఎవరు రాశారు, లాభం ఎవరికి పోయింది అని అడగమంటావు.

మామ: గంతే. మూతపడ్డ బొంబాయి మిల్లుల భూములు చూడు. 1991ల ఒక నిబంధన పెట్టిండ్రు. మిల్లు భూమిని కట్టడాలకు ఇడిస్తే మూడు వాటాలు: ఒకటి పార్కులు, మైదానాలకు, ఒకటి సర్కారు కట్టే ఇండ్లకు, ఒకటి యజమానికి. 2001ల దాన్ని తిప్పి, కట్టడం లేని ఖాళీ జాగకే ఆ వాటాలన్నరు. ఇగ పంచుడానికి ఏం మిగుల్తది? 2006ల సుప్రీంకోర్టు సుత దానికి సరేనన్నది. ఫీనిక్స్ మిల్లు ఉన్నకాడ ఇయ్యాల షాపింగ్ మాల్ ఉన్నది. కూలోని నష్టం ఒక తొవ్వల పోయింది, భూమి ధర ఇంకో తొవ్వల పోయింది. ఆ రెండు తొవ్వలు ఇడగొట్టిన కలం నా చేతుల లేదు, మరాఠీ కూలోని చేతుల లేదు. అయినా ఏండ్లకేండ్లు మేము మేమే తిట్టుకున్నం.

అల్లుడు: హెచ్‌వన్‌బీలోనూ అదే లెక్క. నేను వెళ్లినప్పుడు ఆ వీసాకు జీతాలు నాలుగు మెట్లు. కింది రెండు మెట్లూ ఆ ఊళ్లో ఆ పనికి వచ్చే మధ్యస్థ జీతం కంటే తక్కువ. చట్టం ఒప్పుకున్నదే. పైగా ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, వీసా మార్చుకోవాలి, లేదంటే దేశం వదలాలి. ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ ఆ అరవై రోజుల మీదే. అలాంటివాడు జీతం పెంచమని అడుగుతాడా? అడగలేడు కాబట్టే కంపెనీకి ముద్దు. అమెరికన్‌కు నేను పోటీ అయింది నా తెలివి వల్ల ఎంతో, నా భయం వల్ల ఎంతో చెప్పలేను.

మామ: ఆ భయానికి ధర కట్టినోడు ఎవడో, నువ్వు అడగాల్సింది వాన్ని.

అల్లుడు: అయితే ఒకటి చెప్పు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌వన్‌బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. మనవాళ్లంతా అన్యాయమన్నారు. కానీ తమ పని తమకు దక్కాలని అమెరికన్ అడిగితే తప్పేంటి? మనం అడగట్లేదా? 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు సిరిసిల్లకు వస్తే పండగ చేసుకున్నాం. సూరత్‌లో కొంటే ఊరుకుంటామా?

మామ: ఊరుకోం. ఇంక ముంగటికి పో. 1985ల చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించి చట్టం తెచ్చిండ్రు. ఎవని నుంచి కాపాడెతందుకు? మన సాంచ నుంచే. పోచంపల్లి నేతగాన్ని అడుగు. ఆయన డిజైను కొట్టి అగ్గువకు అమ్మే దొంగ ఎవడంటే మరమగ్గమోడు అంటడు. మనకు సూరత్ ఎట్లనో, ఆయనకు మనం గట్ల.

అల్లుడు: మరి కాపాడమని అడగడం న్యాయమా, కాదా?

మామ: అడుగుడు న్యాయమే. ఎట్ల అడుగుతున్నవనే దాని మీద ఉంటది. నాకు డార్వెన్ నేర్పిన పరీక్ష ఒక్కటే. నీ కోరిక వల్ల నష్టపోయేటోని ముంగట నిలబడి, వాని కండ్లల్లకు చూసుకుంట ఆ మాట చెప్పగల్గుతవా? "బయటోనికి మాకంటే తక్కువ ఇయ్యొద్దు, వాన్ని భయపెట్టి పనిజేపియ్యొద్దు" అని అమెరికనోడు నీ ముంగట అనొచ్చు. నువ్వు సుత సరే అంటవ్. "నీ జాతోళ్లు దొంగలు, పోండ్రి" అని నీ ముంగట అనడు, ఎన్కనే అంటడు. మొదటి మాట నియమం గురించి, రెండోది మనిషి గురించి.

అల్లుడు: నీ పరీక్షకు లక్ష డాలర్లు నిలబడతాయా?

మామ: సగం నిలబడ్తది. అగ్గువ కూలీల కోసం మనిషిని తెచ్చుకునే కంపెనీని ఆపెతందుకైతే మొఖం మీద చెప్పొచ్చు. చదువుకొని న్యాయమైన జీతానికి పోయేటోన్ని సుత అదే కట్టెతోని కొడ్తే చెప్పలేరు. నాకు గింతే తెలుసు, పూర్తి తీర్పు నా దగ్గర లేదు.

అల్లుడు: ఇక్కడి మాటకొద్దాం. ఈఎస్‌ఐ కింద ఉన్నవాడికి పని పోతే 90 రోజుల దాకా జీతంలో కొంత ఇచ్చే పథకం 2018లో వచ్చింది. నాది అక్కడి ఉద్యోగం, ఇక్కడ చేసినా నా జీతం దాని పరిమితి దాటేది, నాకు రాదు. నీ సాంచల కూలీలకు?

మామ: ఈఎస్‌ఐ కార్డు ఉంటే గదా! సాంచలున్న చిన్న ఆసామి కింద రోజుకూలికి నడిపేటోనికి హాజరు పుస్తకమే లేకపాయె. నువ్వు మీది నుంచి జారినవ్, మేము కింది నుంచి జారినం. పనుల మార్పు ఆగేది కాదు అల్లుడా. జపాన్ వచ్చినప్పుడు ఆగలే, నీ ఏఐ వచ్చినంక ఆగది. మారినప్పుడల్ల లాభపడ్డోడు నష్టపోయినోన్ని కొన్నాళ్లు మోయాలె. తప్పు ఎవనిదీ కాకపోయినా ఈ బాకీ ఉంటది. మనం దోషిని ఎతుక్కుంట ఈ బాకీ అడుగుడు మర్చిపోతున్నం.

అల్లుడు: వినడానికి బాగుంది. కానీ మొఖం లేని కోపానికి ఓట్లు రావు మామా. "బయటివాళ్లను తరుముతాం" అన్నవాడి మీటింగుకు జనం లారీల్లో వస్తారు. "బాకీ వసూలు చేద్దాం" అంటే ఎవరొస్తారు?

మామ: మొదట్ల ఎవ్వలూ రారు. సిరిసిల్లల కూలిరేటు కోసం మేము సమ్మె జేసిన కొత్తల, రోజూ పొద్దుగాల కనబడే ఆసామి మీదనే పడ్డం. వాడు సుత మా లెక్కనే బాకీలల్ల ఉన్నోడు. రేటు కట్టేది నూలిచ్చి గుడ్డ తీస్కపోయే సేటు. ఆ సంగతి తెల్సినంక ఆసాములను సుత కలుపుకొని సేట్ల సంఘం ముంగట కూచున్నం. గజానికి పెరిగింది పైసలల్లనే గని, పెరిగింది అప్పుడే.