ఊరికే

తిరిగితే ఆడది చెడుతుందనీ, తిరక్కపోతే మగవాడు చెడతాడనీ మనకొక సామెత ఉంది. ఒకే క్రియ మీద రెండు నీతులు. దాన్ని ఎవరు పుట్టించారో చెప్పక్కర్లేదు గానీ, అందులో నన్ను ఆపేది 'చెడటం' కాదు, 'తిరగటం'. తిరగటం అంటే వెళ్ళటం కాదు. నీళ్ళకు వెళ్ళినదాన్నీ, కూలికి వెళ్ళినదాన్నీ, గుడికి వెళ్ళినదాన్నీ తిరిగిందని ఎవరూ అనరు. పనీ గమ్యమూ లేకుండా కదిలితేనే అది తిరగటం. అంటే స్త్రీ కదలికకు నైతిక ఆమోదం పనిలోంచి వస్తుంది. పని లేకుండా కదలటం కూడా ఒక హక్కేనా? అయితే దాని కోసం మనం నోరు చేసుకోవలసినంత ఉందా అందులో?

మొన్నటి వానాకాలంలో ఒక శని, ఆదివారాలు నేనూ నా స్నేహితురాలూ బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల వైపు కాలవ గట్టున సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్ళాం. ఇద్దరికీ యాభై దాటాయి. మోకాళ్ళకు మంచిదట అని ఇంట్లో చెప్పుకున్నాం. నిజానికి మోకాళ్ళ సంగతి మాకు రెండోరోజు గానీ గుర్తు రాలేదు. వాన ఆగి ఆగి పడుతూనే ఉంది. కాలవలో కొత్తనీరు ఎర్రగా, గట్టు తెంచుకుపోతుందేమో అన్నంత నిండుగా పారుతోంది. చున్నీలు నడుముకు బిగించి, మడ్‌గార్డు దాటి ఎగిరే బురద వీపంతా చిమ్ముతుంటే, ఎవరూ మమ్మల్ని దేనికీ పిలవని గంటలు గడిపాం. మా మధ్య మాటలు కూడా తక్కువే. ఒకచోట ఆమె సైకిలు చైను ఊడితే కొబ్బరిపుల్లతో ఎక్కించుకుని, నల్లబడ్డ వేళ్ళు నాకు చూపించి చిన్నపిల్లలా నవ్వింది. ముప్పై ఏళ్ళ స్నేహంలో ఆ నవ్వు నేను చూడలేదు.

దారంతా ఒకటే ప్రశ్న. "ఎందాకండీ?" లొల్ల దాకా అంటే సరిపోయేది కాదు. "ఏం పని మీదండీ?" "పనేం లేదండీ, ఊరికే" అంది నా స్నేహితురాలు, టీ బడ్డీ దగ్గర ఒక పెద్దాయనతో. ఆయన కాసేపు ఆలోచించి, "సర్వేకొచ్చారా?" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు. పని లేకుండా వానలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకు మర్యాద దక్కాలని తనే ఒక పని వెతికిపెట్టాడు. నాకు ఆ దయ చాలాసేపు గుచ్చుకుంది.

అలా వెతికిపెట్టుకోవటం మనకూ కొత్త కాదు. వర్జీనియా వుల్ఫ్ 1927లో 'స్ట్రీట్ హాంటింగ్' రాసినప్పుడు, శీతాకాలపు సాయంత్రం లండన్ వీధుల్లో తిరగటానికి పెన్సిలు కొనుక్కోవాలన్న సాకు పెట్టుకుంది. సొంత గది అడిగిన మనిషికి కూడా గడప దాటటానికి ఒక పెన్సిలు కావలసివచ్చింది! ఆ సాకు వట్టిదని ఆమే దాచకుండా చెబుతుందనుకోండి.

ఇంకొంచెం ఇబ్బందికరమైన మాట. స్త్రీల సైకిలు గురించి మనం గర్వంగా చెప్పుకునేవన్నీ ప్రయోజనం చుట్టూనే ఉన్నాయి. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళ పథకం మొదలుపెట్టారు. దానివల్ల ఆడపిల్లల సెకండరీ చదువు నమోదు 32 శాతం పెరిగిందనీ, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. చిన్న విషయం కాదు. కానీ బడికోసం ఇచ్చిన సైకిలు బడి అయ్యాక ఎవరిది? ప్రయోజనం కోసం దక్కిన స్వేచ్ఛ ప్రయోజనం తీరిన రోజున తమ్ముడి చేతికి వెళ్ళిపోతుంది. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో తొంభైల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. దాని గురించి పి. సాయినాథ్ రాసిన కథనంలో నాకు గుర్తుండిపోయింది కొత్తగా పెరిగిన ఆదాయాల సంగతి కాదు. సొంత సైకిలు కొనలేని ఒక టీచరు రోజూ సాయంత్రం అరగంట అద్దె సైకిలు తీసుకుని తొక్కేదట, ఆ స్వేచ్ఛ కోసం. ఏ నివేదికలోనూ ఆ అరగంటకు గడి ఉండదు.

పని లేకుండా వీధిలో ఉండటమే స్త్రీల పౌరసత్వానికి గీటురాయి అని శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?'లో వాదించారు. వాళ్ళు చూసింది ముంబయి వీధుల్ని. కాలవ గట్టు మీద ఆ వాదం ఇంకొక చిక్కులో పడుతుంది. మేం చూసి మురిసిపోయిన పచ్చదనంలో ప్లాస్టిక్ గోతాలు తలల మీద కప్పుకుని ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. మాకు విహారమైన వాన వాళ్ళకు పనిచేసే చోటు.

ఆత్రేయపురంలో జోరు పెరిగి ఒక ఇంటి అరుగెక్కాం. లోపల ఒకామె పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు. 2023లో ఈ ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొగ మాత్రం ఆమె కళ్ళలోకే వస్తోంది. ఊరికే తిరుగుతున్నామంటే ఆమె ఆశ్చర్యపోలేదు. చెయ్యి ఆపకుండా, "మరి ఆదివారం ఇంటికాడ వంటెవరు చేత్తన్నారమ్మా?" అంది.

మా ఇంట్లో వంటమనిషి. నా స్నేహితురాలి ఇంట్లో కోడలు.

తెలుగులో 'ఊరికే' అంటే కారణం లేకుండా అని ఒక అర్థం, డబ్బివ్వకుండా అని ఇంకొకటి. మా మొదటి 'ఊరికే'కి రెండోది లేదు. దాని ఖరీదు ఎక్కడో ఎవరో కడుతున్నారు. అలాగని ఆ హక్కు చెల్లదా? చెల్లదంటే నేను ఒప్పుకోను. రూసో తన చివరి రోజుల ఒంటరి నడకల మీద ఒక తాత్విక గ్రంథమే రాశాడు. ముప్పై ఏళ్ళకు పైగా అతని ఇల్లు నడిపిన తెరేజ్ లెవస్సోర్‌ను తలుచుకుని ఆ గ్రంథం విలువ తగ్గించిన తత్వవేత్త నాకు తగల్లేదు. వంటెవరు చేస్తున్నారన్నది ఆడవాళ్ళనే అడిగే ప్రశ్న. అడగాల్సిన ప్రశ్న కూడా అదే, అందర్నీ. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి దాన్ని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు పెడితే, చేసే పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్ళ షికార్లన్నీ ఈ తేడాలోంచే వచ్చాయి. మావి కూడా ఇంకొక ఆడదాని నిమిషాల్లోంచే వస్తే అది వాటా మారటం కాదు, చేతులు మారటం.

ఇక్కడ నాకూ నా స్నేహితురాలికీ కుదరలేదు. "మనం ఇంట్లో కూర్చుంటే ఆమెకేమైనా ఆదివారం దొరుకుతుందా? మన అపరాధభావం ఎవరి కడుపూ నింపదు" అంటుంది తను. మనం అనుభవించింది ఎలా ఉంటుందో తెలిస్తేనే ఇంకొకరికి అది కావాలని గట్టిగా అనగలమట. కొంత నిజమే. కానీ ఆ గట్టితనం ముందు మా ఇంటి జీతాల పుస్తకంలో కనబడాలని నేనంటాను. ఆమె నవ్వేసి, వచ్చే వానాకాలానికి కోడలికి కూడా ఒక సైకిలు చూస్తున్నానంది. ఆ అమ్మాయిని అడిగావా అన్నాను. ఇంకా లేదట.

నేను మాత్రం మా వంటమనిషిని అడిగాను. ప్రతి ఆదివారం జీతంతో సెలవిస్తే ఎక్కడికెళ్తావని.

"ఎక్కడికీ వెళ్ళనమ్మా. నిద్రపోతా" అంది.